ముందు నిప్పు, తర్వాత గాలి

మా పక్కింటి కొలిమి బాబాయ్ చనిపోయాడన్న కబురు మొదట నాకు వినపడలేదు. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా ముందు షూటింగ్ జరుగుతోంది. నేను జనరేటర్ వ్యాను దగ్గర ఉన్నాను. అది నా కూడు, దేవుని వాక్యం చెప్పడం నా పిలుపు. ఫోన్లో మా ఆవిడ ఏదో అంటోంది, ఇంజను మోతలో ఒక్క ముక్క అందడం లేదు. "ఎవరికి? ఏమైంది?" అని అరుచుకుంటూ రోడ్డు మలుపు దాకా నడిచాను. అక్కడ మోత సన్నగిల్లింది. "కొలిమి దగ్గరే కూలిపోయాడంట. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదంట" అంది. బంగళా గోడ నీడలో కాసేపు నిలబడ్డాను. ఎండకు కాగిన గోడ. దానికి వీపు ఆనించినప్పుడు ఆయన షెడ్డు గోడే గుర్తొచ్చింది.

చుట్టరికంతో బాబాయ్ అనలేదు నేను. ఫిల్మ్‌నగర్‌లో మా బస్తీ సందులో మా ప్రార్థన మందిరానికీ ఆయన కొలిమి షెడ్డుకీ నడుమ ఒక్కటే గోడ. మేం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఆ సందులో దిగిన కొత్తలో, మా వైపు అలవాటు కొద్దీ ఆయన్ని బాబాయ్ అని పిలిచాను. తలెత్తి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మంచిగుంది గీ ఆంధ్రా వరస. సాకకుండనే కొడుకు దొరికిండు" అన్నాడు. ఆయన భార్య అప్పటి నుంచి నాకు పిన్ని.

సినిమా వాళ్లకు ఇత్తడి సామాను పోసేవాడు. కత్తి పిడులు, కిరీటం అంచులు, దీపపు సెమ్మెలు, గుడి సెట్టు వేస్తే గంటలు. "దూరం షాటుకు ఫైబరు, దగ్గరి షాటుకు నేను" అనేవాడు, హీరో పక్కన తనే నిలబడబోతున్నట్టు. ఇంటి వెనక రేకుల షెడ్డులో గొయ్యి, గొయ్యి అడుగుకు ఇనుప గొట్టం, గొట్టం రెండో చివర బ్లోయరు. నత్తగుల్ల లాంటి డొప్ప, లోపల రెక్కల చక్రం, వెనక మోటారు. కింద చోటు చాలక దాన్ని గొయ్యి కంటే ఎత్తులో, గోడ గూట్లో బిగించాడు. కరెంటుతో తిరిగే ఆ వస్తువును ఆయన ఏనాడూ బ్లోయరు అనలేదు. తిత్తి అన్నాడు. వాళ్ల నాయన తోలుతిత్తి ఊదినవాడు. తోలు పోయింది, మాట మిగిలింది.

నా ప్రసంగం విన్నవాళ్లకు తెలుసు, నాది మెల్లగా మాట్లాడే నోరు కాదు. ఏ బైబిలు కళాశాల గడపా తొక్కలేదు. పొద్దున్నే గ్రంథం తెరిచి, అర్థం కానిచోట మోకాళ్లూని నేర్చుకున్నవాణ్ణి. గ్రంథంలో కొలిమి కనపడినప్పుడల్లా నాకు గోడ అవతల సాక్ష్యం ఉండేది. వెండిని శుద్ధిచేసేవాడు కూర్చుని ఉంటాడని ప్రవక్త రాశాడు కదా, కూర్చోవడం ఎందుకో నాకు బాబాయ్ షెడ్డులో తెలిసింది. నిలబడ్డవాడి కన్ను మంట మీద ఉంటుంది. కూర్చున్నవాడి కన్ను మూసలో కరిగే లోహం మీద ఉంటుంది.

శనివారం సాయంత్రం తిత్తిని తుడిచే పూట. గొయ్యి చల్లారాక ప్లగ్గు పీకి, తీగను తన మెడలో వేసుకునేవాడు, ఎవరూ పొరపాటున పెట్టకుండా. డొప్ప విప్పి గాలి పీల్చే వైపున్న జాలీ తీసేవాడు. దానికి బూడిద మెత్తగా దూదిలా పట్టి ఉండేది. తర్వాత పాత పళ్ల బ్రష్షుతో రెక్కలు. నీళ్లు తగలనిచ్చేవాడు కాదు, పొడిగుడ్డే. నేను పక్కన కూర్చుని దీపం పట్టేవాణ్ణి. జనరేటర్లతో బతికేవాణ్ణి కదా, నాకూ మోటారంటే చేయి ఊరుకోదు.

"బాబాయ్, ఇంతలా ఎందుకు, పైపైన దులిపితే చాలదా?" అన్నాను ఒకసారి.

"ఒక్క రెక్క మీద మసి ఉంటె చాలు పాస్టర్ సాబ్, చక్రం ఊగుతది. చక్రం ఊగితె ఇరుసు అరుగుతది. అన్ని రెక్కల మీద సమానంగ ఉంటె గంత ఫికర్ లేదు. ఒక్కదాని మీద ఉన్నప్పుడే పరేషాన్." బ్రష్షు ఆపి నా వైపు చూశాడు. "మీ మందిరంల గూడ ఎవలో ఒక్క రెక్క ఉన్నట్టుంది. పాటలు పాడేకాడ మొత్తం గడగడ అంటున్నది."

పాటల జట్టులో ఆ వారమే గొడవైంది. గోడ అవతల అన్నీ వినపడతాయి మరి.

అంతా బిగించాక ఇరుసుకు నూనె పెట్టేవాడు, చుక్క మీద చుక్క పడనీకుండా. ఎక్కువైతే బూడిద వచ్చి దాని మీద కూర్చుంటుందని. మీట వేసి అరచేయి డొప్ప మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. చెవితో కాదు, చేత్తో వినేవాడు. బిడ్డ ఒళ్లు కాగుతుందేమోనని తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుందే, అట్లా. ఆ అరచేయి బాగుందంటే వారమంతా కొలిమి బాగున్నట్టే.

ఆదివారం ఆయన కొలిమి వెలిగించేవాడు కాదు. మా కోసమని ఎన్నడూ అనలేదు. "నాగ్గూడ నడుములున్నయి" అనేవాడు. కానీ ఒకసారి ఏదో యుద్ధం సెట్టుకు అర్జెంటుగా సామాను కావాలన్నారు. ఆరాధన మొదలయ్యేసరికి గోడ అవతల తిత్తి హోరు ఎత్తుకుంది. నాకు ఒళ్లు మండింది. పాట అయ్యాక వెళ్లి నాలుగు మాటలు అందామనుకున్నాను. పాట అయింది. ప్రార్థనకు తలలు వంచాం. హోరు దానంతటదే తగ్గి, నిద్రపోయేవాడి ఊపిరంత అయింది. ప్రార్థన ముగిసి ఆమేన్ అన్నామో లేదో మళ్లీ ఎత్తుకుంది. ప్రసంగానికి మధ్యస్థం, పాటకు పూర్తిగా. గోడ అవతల ఆయన రెగ్యులేటర్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మా మందిరం గడప ఏనాడూ దాటని మనిషికి మా ఆరాధన క్రమం ఆసాంతం వచ్చు.

మర్నాడు పలకరిస్తే, "జర మీరు ప్రార్థనలు చిన్నగ చెయ్యండ్రి. ఇత్తడి గడ్డకడుతున్నది" అన్నాడు.

గడప దాటింది పిన్ని. కొన్నేళ్ల కిందట ఆమెకు ఒంట్లో బాగుండకపోతే మా ఆవిడ వెళ్లి ప్రార్థన చేసింది. అప్పటి నుంచి వచ్చి వెనక చాప మీద కూర్చునేది. బాబాయ్ వద్దనలేదు, రమ్మంటే రాలేదు. వాన పడే ఆదివారాలు ఆమెను గొడుగు కింద గుమ్మం దాకా తెచ్చి, "పట్టుకోండ్రి, మళ్ల నాది నాకు అప్పజెప్పండ్రి" అని వెనక్కి తిరిగేవాడు. నేను గుమ్మంలో నిలబడి పిలిచేవాణ్ణి. "బాబాయ్, లోపలికి ఒక్క అడుగు." ఆయన గొడుగు ఎత్తి చూపేవాడు. "ఇది తడుస్తది లోపలికొస్తె." గొడుగు ఎండబెట్టుకోవాలన్నట్టు వెళ్లిపోయేవాడు.

ఒక ఆదివారం నేను నరకంలోని ఆరని అగ్నిని గురించి చెప్పాను. మైకు పట్టుకుంటే నేను నా చేతిలో ఉండను. ఆ రోజు సందు చివరి దాకా వినపడి ఉంటుంది. మర్నాడు షెడ్డులోకి వెళితే బాబాయ్ బొగ్గు పగలగొడుతున్నాడు.

"పాస్టర్ సాబ్, ఒక్కటి అడుగుత. కోపం చెయ్యొద్దు. గా మంటకు తిత్తి ఎవలు తుడుస్తరు?"

"ఏంటి బాబాయ్?"

"ఎప్పటికీ ఆరదంటివి గదా. బొగ్గు ఎవలు ఏస్తరు? జాలీల బూడిద ఎవలు తీస్తరు? నా గింత గొయ్యికే వారం తిప్పితె నడుము పడిపోతున్నది. గంత మంట నడవాలంటె ఒక్కడన్న మంచి పనోడు ఉండాలె గదా గాడ. ఉంటె చెప్పు, నేను దరఖాస్తు పెట్టుకుంట."

నవ్వలేదు నేను. వాక్యం నాకు ఆటవస్తువు కాదు. "బాబాయ్, దానికి పనివాడు అక్కర్లేదు. దేవుని ఊపిరే దాన్ని రగిలిస్తుందని ప్రవక్త చెప్పాడు" అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆయన సుత్తి కింద పెట్టాడు. తల ఊపి, "ఊపిరా? అయితె మంచిదే" అన్నాడు. "మా నాయన తోలుతిత్తి ఊపిరి తీసుకునేది. ఊదుతది, ఆగుతది, పీలుస్తది, మళ్ల ఊదుతది. గీ కరెంటుది ఆగది, అందుకే దీంతోని భయం. మీ దేవునిది ఊపిరంటున్నవు. ఊపిరి తీసుకునేటోడు నడుమ ఆగుతడు గదా, పాస్టర్ సాబ్."

గ్రంథం తెరిచి జవాబు వెతికాను, ఆ రోజు నుంచి. గద్దింపు దొరికింది, హెచ్చరిక దొరికింది. ఆ 'నడుమ'ను గురించి ఏమీ దొరకలేదు.

కబురు విని నేను బస్తీకి చేరేసరికి వాకిట్లో టెంటు వేస్తున్నారు. బాబాయ్‌ని అరుగు మీద పడుకోబెట్టారు. చేతులు కడిగారు గానీ గోళ్ల కింద మసి అలాగే ఉంది. నాకు అది మంచిదే అనిపించింది. సాయంత్రం వాళ్ల ఆచారం ప్రకారం కూర్చోబెట్టి మట్టి చేశారు. జీవితమంతా నిప్పు ముందు కూర్చున్నవాడు చల్లటి మన్నులో కూర్చున్నాడు.

వచ్చాక గానీ షెడ్డు లోపలి సంగతి తెలియలేదు. తిత్తి కాలిపోయింది. డొప్ప నల్లబడింది, లోపల రెక్కలు వంకరపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి, మోటారు తీగల మీద పూత కరిగి కారింది. గొయ్యిలో మూస అలాగే ఉంది, అందులో ఇత్తడి గడ్డకట్టి.

మా పాటల జట్టు పెద్దమ్మ నా వెనకే వచ్చి తొంగిచూసింది. మంచి విశ్వాసి, నోరు కూడా నాలాంటిదే. "అయ్యగారూ, చూశారా? మనిషీ తిత్తీ ఒకే గడియలో. ఇది ఊరికే జరిగింది కాదు, సూచన. తిత్తి ఎంత ఊదినా మడ్డి పోలేదని ప్రవక్త చెప్పింది మీరే కదా బోధించారు. వచ్చే ఆదివారం మళ్లీ దాన్నే తీయండి. జనం వణికిపోతారు."

ఆమె మెల్లగా అన్నాననుకుంది. పిన్ని తలుపు అవతలే ఉంది.

మూడోనాడు పిన్ని మా ఇంటికి రాలేదు, నన్నే రమ్మంది. షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"అయ్యగారూ, జర నిజం చెప్పండ్రి. నాకు చదువు రాదు, మీరు చదివినదే నాకు తెల్సు. తిత్తి ఊది ఊది, మడ్డి పోక, పనంత వ్యర్థమైందని చదివిన్రు గదా. గది ఆయనకేనా? ఆయన పాణం పోతుంటెనే తిత్తి కాలింది. ఆయన ఇప్పుడు ఏడున్నడు? గా మంటలనా?"

ప్రియులారా, వేదిక మీద ఈ ప్రశ్న నేనే వందలమందిని అడిగాను. నువ్వు ఈ రాత్రి పోతే ఎక్కడ ఉంటావు అని వేలు చూపి అడిగాను. ఒక ముసలామె పీట మీద కూర్చుని, చనిపోయిన తన మనిషి గురించి దాన్ని నాకు తిప్పి పెట్టింది. ఆ మంటల్లో లేడని చెప్పే అధికారం నాకు లేదు. ఉన్నాడని చెప్పే గుండె లేదు. నేను నమ్మింది ఇప్పటికీ నమ్ముతున్నాను.

గ్రంథం తెరిచి ఆ భాగం ఆమెకు మెల్లగా చదివాను. మైకు లేకుండా చదివితే ప్రవక్త కూడా ఏడుస్తున్నట్టు వినపడ్డాడు. అందులో తిత్తి ఊదుతుంది, శ్రమిస్తుంది. కాలిపోయిందని మా గ్రంథంలో లేదు. "పిన్నీ, కాలడం గురించి ఇక్కడ ఏమీ లేదు" అన్నాను. ఆమె ముఖం మారలేదు. గూట్లోకి వేలు చూపింది. "గది?"

మరలు విప్పి తిత్తిని కిందికి దింపాను. మూడురోజులైనా కాలిన వాసన పోలేదు. జాలీ చూశాను, శుభ్రంగా ఉంది. ఇరుసు చూశాను, బిగుసుకోలేదు, నూనె సమంగా ఉంది. శనివారం తుడిచిన చేయి తెలుస్తూనే ఉంది. మోటారు తనంతట తాను కాలితే లోపలి చుట్టలు ముందు మాడాలి. ఇక్కడ గొట్టం వైపు ఎక్కువ కాలింది, మోటారు వైపు తక్కువ. వేడి గొయ్యిలోంచి పైకి వచ్చింది.

బాబాయ్ నాకు ప్రతి శనివారం చెప్పిన మాట ఒకటుంది. కొలిమి ఆపేటప్పుడు ముందు నిప్పు లాగాలి, తర్వాత గాలి ఆపాలి, ఆ తర్వాత గొట్టం తలుపు వెయ్యాలి. "గాలి పోతున్నంతసేపు మంట ముంగటికి చూస్తది. గాలి ఆపితె వెనక్కి చూస్తది" అనేవాడు. గొయ్యి కంటే ఎత్తులో ఉన్న తిత్తికి ఆ వరస తప్పితే దిక్కులేదు.

"పిన్నీ, ఆ రోజు దీన్ని ఎవరు ఆపారు?"

ఆమె నోటి మీంచి కొంగు తీసింది.

"నేనే. ఆయన గట్ల ఒరిగిండు. ఉరికొచ్చి తల ఒళ్లె పెట్టుకున్న. ఏదో అంటున్నట్టు పెదవులు కదులుతున్నయి. ఊపిరుందో లేదో తెలుస్తలేదు. తిత్తి మోతకు ఏమీ ఇనబడుతలేదు అయ్యగారూ. చెయ్యి చాపి వైరు గుంజి పారేసిన. ఇనాలని."

"విన్నావా?"

"ఇన్న. ఊపిరి. చిన్నగ. మాట రాలె. తర్వాత అది గూడ ఆగింది. గప్పుడు జనం వచ్చిన్రు, ఆటోల ఏసుకపోయినం. నిప్పు సంగతి ఎవలికి యాదికుంటది?"

ఆ వంకర రెక్కలు నా ఒళ్లో ఉన్నాయి. సూచన అన్నారు కదా మావాళ్లు. నేనూ అంగీకరించాను, ఇది సూచనే. ఒక భార్య తన మనిషి చివరి ఊపిరి వినడం కోసం గాలి ఆపింది. ఆ వేడి తిత్తిని కాల్చింది. ఇందులో దేవుని కోపం ఎక్కడ ఉందో నాకు చూపించండి, వచ్చి మీ కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటాను.

అదే ఆమెకు చెప్పాను. "ఇది తీర్పు కాదు పిన్నీ. వరస తప్పింది, అంతే. నువ్వు వినాలనుకున్నావు కాబట్టి తప్పింది. బాబాయ్ అయినా అదే చెప్పేవాడు."

"తిట్టెటోడు" అంది. ఏడుపులోనే చిన్నగా నవ్వింది. "తిత్తిని ఖరాబు చేసినవ్ అని తిట్టెటోడు."

మళ్లీ అడిగింది. "మరి ఆయన ఏడున్నడు?"

"తెలియదు పిన్నీ."

వాక్యం చెప్పే నా నోటినుంచి ఈ మాట వచ్చిందని మా సంఘంలో కొందరికి కోపం. వాళ్లతో నేను వాదించను. తెలియదన్నాక పిన్ని నా చేయి పట్టుకుంది. ఆ చేయి ఎప్పటికి వదిలిందో నాకు గుర్తులేదు. ఆ ఆదివారం నేను కొలిమి వాక్యం తీయలేదు. పాటల జట్టు పెద్దమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. పిన్ని తన చాప మీదే కూర్చుంది, గోడకు చెవి ఆనేంత దగ్గరగా. అవతల ఏ హోరూ లేదు. ప్రార్థనకు తలలు వంచినప్పుడు, తగ్గడానికి అక్కడ ఏమీ లేదని అందరికీ తెలిసింది.

వేడికి పూత పోయిన మోటారు చుట్టలు టోలిచౌకిలో ఒక దుకాణంలో కట్టించాను. రెక్కల చక్రం కొత్తది వేశాను. పిన్నికి కొలిమి నడపాలని లేదు. కానీ మూసలో ఆయన కరిగించిన ఇత్తడి గడ్డకట్టి ఉంది. "గది గట్లనే ఉంచబుద్ధి కాదు. సగంల ఉన్నట్టుంటది. ఒక్కసారి కరిగించి పోసేద్దాం" అంది.

ఒక పొద్దున్న వెలిగించాం. మీట వేశాక పిన్ని తన అరచేయి డొప్ప మీద పెట్టి కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ అవతల నిలబడి బొగ్గు అందించిన మనిషి, ఆ పని ఎప్పుడు నేర్చుకుందో. "మంచిగుంది" అంది. రెగ్యులేటర్ తిప్పింది. నేను కూర్చున్నాను, నిలబడలేదు. ఇత్తడి మూసలో మెల్లగా కదిలింది, పైన తేలిన మడ్డిని ఆమె గరిటెతో పక్కకు తీసింది. కింద అది ఎర్రటి అద్దంలా తేటపడింది. పటకారుతో నేను ఎత్తాను, ఆమె దారి చూపింది, అచ్చులోకి పోశాం. దేనికీ పనికిరాని చిన్న దిమ్మ. సెట్టుకు పోదు, షాటుకు రాదు.

తర్వాత ఆమె ముందు నిప్పు లాగింది. ఒక్కో బొగ్గూ ఊచతో గొయ్యి బయటికి తీసి విడివిడిగా పరిచింది. చివరి నిప్పు దాకా. గొయ్యి ఖాళీ అయింది. తిత్తి తిరుగుతూనే ఉంది.

పిన్ని చెయ్యి ప్లగ్గు మీద పెట్టి నా వైపు చూసింది. వరస ప్రకారం ఇప్పుడు ఆపొచ్చు. నేను తల ఊపలేదు, ఆమె లాగలేదు. ఖాళీ గొయ్యిలోంచి గాలి వస్తూ ఉంది, అంచున మిగిలిన బూడిద కొంచెం లేస్తూ, కొంచెం ఆగుతూ, మళ్లీ లేస్తూ.